కందనకాయ లేని పళ్ళెం

ముందు తూకం చెప్పింది.
చేతిలోకి ఎత్తుకుంటే కోడి లేదు, ఈకలే ఉన్నాయి.
రొమ్ము ఎముక కత్తి వాదరలా వేలికి తగిలింది.
మేతకు మాత్రం లోటు చేయదు,
మొక్కజొన్న నూక, చెదలు, నా చెప్పు అంచు దాకా.
తిన్నదంతా ఎటు పోతోందో
నాకూ తెలియలేదు, పక్కింటి నెలిమాకూ తెలియలేదు,
కిమిలీలి సంతలో ఎర్రపొడి అమ్మేవాడికి అసలే తెలియదు.
ఆవు చూలు కట్టకపోయినా వాడు అదే పొడి ఇస్తాడు.

నాలుగోది చచ్చిన పొద్దున
నాసంబు సైకిలు తొక్కుకుంటూ వచ్చింది.
డాక్టరేం కాదు. మూడు వారాల శిక్షణ, ఒక బ్లేడు,
వేలు చిరిగిన రబ్బరు గ్లవ్స్.
అరటాకు పరిచి కోసింది.
పేగు చీలగానే
ఉడికిన సేమియా.
కదులుతున్న సేమియా.
మా చిన్నాడు ఖీసా లెక్కపెట్టడం మొదలెట్టి
ముప్పై ఏడు దగ్గర గోడ పక్కకి పరిగెత్తాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు పెంచింది వీటినే" అంది నాసంబు,
నవ్వకుండా.

ఆ సాయంత్రం నీళ్ళ గిన్నెలు తీసేయమంది.
దాహం ఉంటేనే మందు నీళ్ళు తాగుతాయట.
రాత్రంతా గూట్లో గిన్నె ఉండే చోట
మట్టిని పొడుస్తున్న చప్పుడు.
నేనూ నీళ్ళు తాగలేదు, ఎందుకో.
తెల్లారకముందే వనస్పతి డబ్బాతో కొలిచి
నట్టల మందు కలిపి పెట్టాను.
ఒకదాని మీద ఒకటి పడి తాగాయి.
కుంటి పెట్టకి విడిగా పట్టాను.

మర్నాడు రెట్టలో కనిపించినవాటిని
గడ్డపారతో ఊడ్చి, పొట్టుతో సహా కాల్చాను.
"పురుగు చస్తుంది, దాని గుడ్డు చావదు" అంది.
"నీ నేలలో ఉంటుంది. తడిలో, నీడలో, నీకన్నా ఓపిగ్గా.
ఎండ తగలనీ. పొట్టు పొడిగా ఉంచు.
పిల్లల్ని పెద్దవాటితో కలపకు.
మూడు వారాలకి మళ్ళీ వస్తాను."
వెళ్తూ వెళ్తూ సీసా మీద గీత చూపించింది:
తొమ్మిది రోజులు, మాంసం వద్దు, గుడ్లు వద్దు.

నాలుగో రోజు
కిటాలె నుంచి దిగాడు వెపుఖులు,
మా ఆయనకి మేనమామ. ఆయన పోయినా మామ పోడు కదా.
చూరు కింద కూర్చుని
నల్ల పుంజుని చూశాడు.
నేను ఆయన చూడటం చూశాను.
మా బుకుసు ఇళ్ళలో చుట్టం అంటే కోడి,
పెద్దచుట్టం అంటే కందనకాయ.
అది లేకుండా పళ్ళెం పెట్టడమంటే
మొహం మీద తలుపు వేయడం.

ఉగాలి ముద్ద పెట్టాను, చిక్కుడు గింజల కూర పెట్టాను.
ఆయన గరిటెతో కూర అడుగున వెతికాడు.
మళ్ళీ వెతికాడు.
"ఖీసా తల్లీ, నీ ఇంట్లో పుంజుకి కాళ్ళున్నాయి, నేను చూశాను."

సీసా తెచ్చి చేతిలో పెట్టాను.
అక్షరాలు ఆనక ఖీసాకి అందించాడు.
వాడు చదివాడు, గట్టిగా, బళ్ళో పాఠంలా.
ఆయన ఏమీ అనలేదు. ముద్ద సగం వదిలేశాడు.

కంచె దాకా సాగనంపాను.
అక్కడ వంగి కుంటి పెట్టని ఎత్తాడు,
వేళ్ళతో రొమ్ము కింద తడిమాడు,
చాలాసేపు.
"నావీ ఇలాగే ఉన్నాయి."
గొంతు ఆయనది కాదు.
"నలభై కోళ్ళకి ఎన్ని నీళ్ళు?"

చెప్పాను. నాసంబు ఎక్కడుంటుందో కూడా చెప్పాను.

ఆ తొమ్మిది రోజుల గుడ్లు, అరవై రెండు,
ఖీసా స్కూలు ఫీజులో సగం,
గొయ్యి తీసి పూడ్చి
కుక్క తవ్వకుండా పైన రాయి పెట్టాను.
పెట్టలు చుట్టూ నిలబడి చూశాయి.
వాటికేం తెలుసు.
వానపాము దొరుకుతుందేమోనని
గొయ్యి మట్టి గీరడం మొదలెట్టాయి.
తరిమాను.